ముందు బొమ్మ పాదాలు చూడండి

(హైదరాబాద్‌లో కాలనీ పార్కులు, ఇంటి తోటలు చూసుకునేవాళ్లు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో ఒక చెక్క శిల్పి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి మైకు వినపడుతోందా? సరే.

ఈ మధ్య మన ఊళ్లో గాలివానకి పడిపోయిన చెట్లనీ, ఎండిపోయిన మాన్లనీ చైన్ సాతో బొమ్మలుగా చెక్కించడం బాగా పెరిగింది. రిసార్టుల్లో ఉన్నాయి, స్కూళ్లలో ఉన్నాయి, గేటెడ్ కమ్యూనిటీల్లో అయితే గుడ్లగూబ, డేగ, వినాయకుడు మామూలైపోయారు. మంచిదే. పొయ్యిలోకి పోయే దుంగ బొమ్మయి నిలబడుతోంది. కానీ నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగే మాట ఒకటే: "బొమ్మ పగిలిందండీ, ఏం పూయాలి?" ఏం పూయాలో చెప్తాను గానీ ఆఖర్లో చెప్తాను. ఎందుకంటే ఈ బొమ్మల్ని కాపాడే పనిలో పూత వాటా తక్కువ. ఎక్కడ నిలబెట్టారు, దాని కాళ్ల కింద ఏముంది అన్నది పెద్ద సంగతి.

ముందు రంపం గురించి రెండు ముక్కలు. గొలుసుకి పళ్లు పెట్టి కోయడం అనే ఆలోచన వడ్రంగుల దగ్గర పుట్టలేదు. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లాండ్‌లో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రీ అనే డాక్టర్లు ఎముక కోయడానికి చేత్తో లాగే చిన్న గొలుసు రంపం వాడారు. చెట్లు కోసే మోటారు రంపాలు చాలా తర్వాతి మాట. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ కరెంటుతో నడిచేది తయారుచేశాడు. దాంతో బొమ్మలు చెక్కడం 1950ల్లో అమెరికాలో మొదలైంది. 1961లో కెన్ కైజర్ అనే ఆయన ఉత్తర కాలిఫోర్నియాలో ట్రీస్ ఆఫ్ మిస్టరీ అనే చోట ఏకంగా 50 బొమ్మలు చెక్కడంతో జనం దృష్టి దానిమీద పడింది.

ఇప్పుడు ఆ కాలిఫోర్నియాలో ఉన్నది రెడ్‌వుడ్. దాని చేవ వానకీ పురుగుకీ అంత తేలిగ్గా లొంగదు. అక్కడివాళ్లు ఎక్కువగా వాడే ఇంకో కర్ర సీడార్, అదీ అంతే. మనకి దొరికేదేమిటి? గాలికి పడిన గుల్మొహర్, నిద్రగన్నేరు, అదే రెయిన్ ట్రీ, మామిడి, వేప, యూకలిప్టస్. గుల్మొహర్ మెత్తటి కర్ర, బయట తడిలో ఉంటే చూస్తుండగానే మెత్తబడిపోతుంది. మామిడి సంగతీ అంతే. యూకలిప్టస్ కోస్తున్నప్పుడే చీలుతుంది. వేప నయం. రెయిన్ ట్రీలో లోపలి నల్లటి చేవ బాగానే నిలుస్తుంది, చుట్టూ ఉన్న పచ్చని తెల్లచెక్క మాత్రం పురుగుకి పండగ. టేకు చేవ, చింత చేవ, తుమ్మ దొరికితే అదృష్టమే. కాబట్టి యూట్యూబ్‌లో అమెరికా ఆయన చెప్పింది విని ఇక్కడ అదే డబ్బా కొనకండి. ఆయన భయం మంచు. మన భయం చెద, మే నెల ఎండ.

ఇంకో మాట. బొమ్మ కోసమని పచ్చని చెట్టు కొట్టించకండి. మీ పెరట్లోదైనా సరే, నీరు, భూమి, చెట్ల కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. పడిపోయిన మాన్లు ప్రతి వేసవి గాలివానకీ దొరుకుతూనే ఉన్నాయి కదా.

ఇక పగుళ్లు. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే అందరూ టెన్షన్ పడేది దీనికే.

మామూలు బల్లలు, తలుపులు చేసేటప్పుడు వడ్రంగి ఏం చేస్తాడు? దుంగని పలకలుగా కోసి, ఆరబెట్టి, మధ్యలో ఉన్న మూలుగ భాగం తీసేస్తాడు. చైన్ సా బొమ్మలో అదేమీ ఉండదు. మాను మానే, పచ్చిగా, మూలుగతో సహా నిలబెట్టి చెక్కేస్తారు. పచ్చి కర్ర కోయడం తేలిక, పనితనం తొందరగా తేలుతుంది. కానీ ఆరేటప్పుడు కర్ర అన్ని వైపులా ఒకేలా తగ్గదు. నిలువునా దాదాపు తగ్గనే తగ్గదు. మూలుగ నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. చుట్టుకొలత వెంబడి తగ్గేది దానికి సుమారు రెట్టింపు. అంటే పొట్ట అంతే ఉంటుంది, బెల్టు మాత్రం కురచ అవుతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. ఆ తెగడమే మీరు చూసే పగులు.

లెక్క చూడండి. రెండడుగుల మందం మాను చుట్టుకొలత సుమారు 75 అంగుళాలు. ఈ రెండు తగ్గుదలల మధ్య తేడా మూడు శాతమే అనుకున్నా రెండంగుళాలు దాటుతుంది. అంత ఖాళీ ఎక్కడో ఒకచోట తెరుచుకోవాలి. సన్నసన్న నెర్రెలుగా పంచుకుంటే మీ కంటికి ఆనదు. ఒకేచోట తెరుచుకుంటే వేళ్లు దూరతాయి. అదీ వినాయకుడి మొహం మీద తెరుచుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు అపశకునం అంటారు. అపశకునం ఏమీ కాదు, చుట్టుకొలత.

పని తెలిసిన శిల్పి దీనికి ముందే దారి చూపిస్తాడు. బొమ్మ వీపు వైపు, పైనుంచి కిందికి, మూలుగ దాకా లోతుగా ఒక కోత పెడతాడు. పగులు అటే పోతుంది, మొహం బతుకుతుంది. లేదా అడుగు నుంచి లోపలంతా తొలిచి బోలు చేస్తాడు. చెక్కించేటప్పుడు ఈ రెంటిలో ఏదో ఒకటి చేస్తారా అని అడగండి. "మా బొమ్మలు పగలవు సార్" అని ఎవరైనా అన్నారంటే బేరం అక్కడితో ఆపండి.

తర్వాత ఆరే కాలం. కర్రల పనిలో ఒక పాత అంచనా ఉంది, అంగుళం మందానికి ఒక ఏడాది అని. ఆ లెక్కన రెండడుగుల మాను నడిబొడ్డు ఆరడానికి ఏళ్లు పడుతుంది. మొదటి ఎండాకాలమే అసలు గండం. మన ఊళ్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలిలో తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. పైన పొర బిగిసిపోతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అందుకని కొత్త బొమ్మని మొదటి వేసవి నీడలో ఉంచండి. చెట్టు కిందో, వరండాలోనో. మీద గోనె పట్టా వదులుగా కప్పండి. పాలిథిన్ చుట్టకండి, వారం తిరక్కుండా లోపల బూజు పడుతుంది. కోసిన అడ్డకొసలు, అంటే తల పైభాగం, అడుగు, వీటికి మైనం గానీ, ఏమీ లేకపోతే ఫెవికాల్ గానీ మందంగా పట్టించండి. నీళ్లు పక్కల నుంచి పోయేదానికంటే కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతాయి. ఇక కొత్త బొమ్మని తీసుకెళ్లి ఏసీ హాల్లో పెట్టడమంటే పగులుకి బొట్టు పెట్టి పిలవడమే.

ఇప్పుడు పగిలింది. ఏం చెయ్యాలి? చాలావరకు ఏమీ చెయ్యకూడదు. రోహిణీ కార్తెలో నోరు తెరిచిన పగులు శ్రావణ మాసానికి సగం మూసుకుంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్ర నీటిని పీల్చి మళ్లీ ఉబ్బుతుంది కదా. మీరు మే నెలలో ఆ సందులో ఎంసీల్ గానీ, పుట్టీ గానీ, కొందరు మహానుభావులు సిమెంటు గానీ కూరారనుకోండి, ఆగస్టులో కర్ర ఉబ్బడానికి చోటుండదు. పక్కన ఇంకో పగులు పుడుతుంది. అంతకంటే ముఖ్యం, పుట్టీకీ కర్రకీ మధ్య వెంట్రుకంత సందు మిగులుతుంది. వాన నీళ్లు అందులోకి దిగుతాయి, పైకి రావు. తెరిచి ఉన్న పగులు గాలికి ఆరుతుంది, మూసిన పగులు లోపల కుళ్లుతుంది. మరీ వికారంగా ఉంటే అదే కర్రతో పొడవాటి బద్ద చేసి ఒక అంచుకే అతికించండి, రెండో అంచు వదిలేయండి. నీళ్లు నిలిచేలా పైకి తెరుచుకున్న పగులైతే మాత్రం నీళ్లు బయటికి జారేలా కిందివైపు చిన్న వాలు కోయించండి.

పగులు బొమ్మని చంపదు. చంపేది తడి. అదీ వచ్చిపోయే తడి కాదు, నిలిచిపోయే తడి.

కర్రని కుళ్లబెట్టేది బూజు జాతి. దానికి తిండి, నీళ్లు, గాలి మూడూ కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే అది బతకలేదు. మొత్తం నీళ్లలో ముంచేసి గాలి తగలకుండా చేసినా బతకలేదు. కంచి అత్తి వరదరాజస్వామి గుర్తున్నాడా? 2019లో మన ఊరి నుంచి కూడా బస్సులు కట్టుకుని వెళ్లారు. అది మేడి కర్ర విగ్రహం. 40 ఏళ్లకోసారి కోనేట్లోంచి బయటికి తీస్తారు. అంతకుముందు తీసింది 1979లో. మేడి అంత గట్టి కర్రేం కాదు. అయినా నీళ్ల అడుగున గాలి ఆడని చోట ఉంది కాబట్టి నిలిచింది.

ఇక రెండో కొసకి రండి. మన సాలార్‌జంగ్ మ్యూజియంలో మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా బొమ్మ చూడనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. ముందు వైపు మగవాడు, వెనక అద్దంలో తలవంచుకున్న అమ్మాయి. అది ఒకే సైకమోర్ దుంగలో చెక్కింది, 19వ శతాబ్దపు పని. సైకమోర్ బయట వానలో పెడితే కొన్నేళ్లకే పాడయ్యే కర్ర. అది ఇంతకాలం ఆ మడతలతో సహా ఉందంటే దానికి పూసిన వార్నిష్ గొప్పదని కాదు, వాన మొహం చూడలేదు.

ఒకటి పూర్తిగా నీళ్లలో, ఒకటి పూర్తిగా పొడిలో. మన బొమ్మలు ఈ రెంటికీ మధ్య ఉన్నాయి, అదే చిక్కు. అందులోనూ నేలని ఆనుకున్న జానెడు మేర అసలు చిక్కు. పొలం కంచె గుంజ ఎక్కడ విరుగుతుందో రైతుని అడగండి. సరిగ్గా నేల మట్టం దగ్గర. అక్కడ తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది.

ఒక కాలనీ పార్కులో రెయిన్ ట్రీ మొద్దుతో చెక్కిన గుడ్లగూబ చూశాను. గడ్డి మధ్యలో నేరుగా మట్టిలో నిలబెట్టారు. పక్కనే స్ప్రింక్లర్. రోజూ పొద్దునా సాయంత్రం దాని పాదాల మీద నీళ్లు. ఏటా దీపావళికి ముందు ఎనామిల్ పెయింటు వేస్తున్నారట, నిగనిగలాడుతోంది. గోళ్ల దగ్గర పెయింటు మీద చిన్న ఉబ్బు కనిపిస్తే స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. పెయింటు పొర గట్టిగా ఉంది, లోపల కర్ర తడి రొట్టె. కింది నుంచి తాగిన నీళ్లు బయటికి పోవడానికి ఆ పెయింటే అడ్డం. పైన కళ్లు, ముక్కు, ఈకలు మాత్రం నిన్న చెక్కినట్టున్నాయి. తర్వాత వానాకాలంలో అది పక్కకి ఒరిగిందని చెప్పారు. పిల్లలు ఎక్కి ఆడే చోటు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి నవ్వుతూ చెప్తున్నాను.

కాబట్టి ఇంటికెళ్లగానే మొదటి పని, బొమ్మ మొహం కాదు, పాదాలు చూడండి. స్క్రూడ్రైవర్‌తో అడుగున చుట్టూ నొక్కి చూడండి. గట్టిగా తగిలితే సరే. పిడికిలితో తట్టండి, పైనా కిందా శబ్దం ఒకేలా ఉందో లేదో వినండి.

నిలబెట్టే పద్ధతి చెప్తాను. ఆరంగుళాలకి తక్కువ కాకుండా ఎత్తు దిమ్మ కట్టండి. పైన గ్రానైట్ ముక్క వేయండి, మన ఊళ్లో కొట్టు కొట్టుకీ మిగులు ముక్కలు దొరుకుతాయి. షాబాద్ బండ కూడా పనికొస్తుంది గానీ అది కొంత నీరు పీలుస్తుంది. బండ కొంచెం వాలుగా ఉండాలి. దానిమీద బొమ్మని బల్లపరుపుగా కూర్చోబెట్టకండి, కింద మూడు చిన్న గట్టి రబ్బరు ముక్కలో, స్టీలు వాషర్లో పెట్టి అర అంగుళం సందు వదలండి. గాలి ఆడాలి. పడిపోకుండా మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ దింపండి. మామూలు ఇనుము వద్దు, తుప్పు పడుతుంది, కర్రకి నల్ల మచ్చలు వస్తాయి. చుట్టూ సిమెంటుతో బిగించి పాతేయడం మాత్రం అస్సలు వద్దు, అది బొమ్మకి నీళ్ల తొట్టి కట్టినట్టే. స్ప్రింక్లర్ మూతి పక్కకి తిప్పించండి. ఇది డబ్బు ఖర్చు లేని పని, అయినా ఎవరూ చెయ్యరు.

పురుగుల సంగతి. చెద నేలలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది. దిమ్మ ఎత్తుగా, శుభ్రంగా ఉంటే ఆ గొట్టం మీ కంటపడుతుంది, అందుకే దిమ్మ చుట్టూ పూలకుండీలు పేర్చొద్దంటాను. కనపడితే గొట్టం గీకి ఊరుకోకుండా పెస్ట్ కంట్రోల్ వాళ్లతో నేలకి మందు వేయించండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో చెద పట్టి, క్లోరోపైరిఫాస్ మందు కలిపిన సెలైన్ బాటిళ్లు చెట్టుకి వేలాడదీశారు, పేపర్లలో చూసే ఉంటారు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే బతికున్న మర్రికే తప్పలేదు, చచ్చిన మొద్దు ఎంత.

రెండోది పుచ్చు. తెల్లచెక్క మీద సూది మొనంత రంధ్రాలు, కింద మెత్తటి పిండి. పిండిని తుడిచేసి కింద ఒక నల్ల కాగితం పెట్టండి. వారం తర్వాత మళ్లీ పిండి రాలితే పురుగు లోపల పనిలో ఉందన్నమాట. రాలకపోతే అవి పాత రంధ్రాలు, వదిలేయండి. మూడోది నల్లటి పెద్ద తుమ్మెద, వేలు పట్టేంత గుండ్రటి బెజ్జం చేస్తుంది. దానివల్ల బొమ్మ కూలదు. నేనైతే తరమను.

మందుల గురించి చెప్పాలంటే ముందు ఒక పేరు చెప్పాలి, సొంటి కామేశన్. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి కర్రకి పట్టించే మందు కనిపెట్టాడు. తర్వాత ప్రపంచమంతా కరెంటు స్తంభాలకీ కంచెలకీ వాడింది అదే. ఇంటిపేరు చూస్తే మనవాడే అనిపిస్తుంది, మనకి మాత్రం ఆయన పేరు తెలీదు. అయితే అందులో ఆర్సెనిక్ ఉంది. అమెరికాలో 2004 నుంచి ఇళ్ల వాడకానికి దాన్ని పక్కన పెట్టారు. పిల్లలు చేతులు వేసే బొమ్మకి అది వద్దు.

మన పనికి బోరాన్ చాలు. బోరిక్ యాసిడ్ ఒక వంతు, బోరాక్స్ ఒకటిన్నర వంతు, వేడి నీళ్లలో కరిగించి బ్రష్‌తో మళ్లీ మళ్లీ పట్టించాలి. దీని సుగుణం ఏమిటంటే పచ్చి కర్రలోకే బాగా దిగుతుంది, లోపలి తడిని పట్టుకుని పాకుతుంది. అందుకే చెక్కిన వారంలోపే చెయ్యాలి. లోపం ఏమిటంటే వానకి మళ్లీ కరిగి పోతుంది. కాబట్టి ఆరాక పైన నూనె పూత తప్పదు. కలిపేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, మిగిలిన నీళ్లు మొక్కలకి పోయకండి, చచ్చిపోతాయి.

వచ్చాం, పూత దగ్గరికి. పొరలా కట్టే వార్నిష్, పాలియురేథేన్, ఎనామిల్, ఇవన్నీ ఇంటి లోపలి బొమ్మలకి. బయట ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పొర కింద కర్రలో పీచుని పట్టి ఉంచే జిగురులాంటి లిగ్నిన్‌ని తినేస్తాయి, పొర పెచ్చులు లేస్తుంది, గీకి మళ్లీ వేయడం నరకం. చైన్ సా గరుకు మీద, ఈకల సందుల్లో ఎలా గీకుతారు? కర్రలోకి ఇంకే నూనె రకం, అందులోనూ కొంచెం రంగు కలిసినది తీసుకోండి. రంగే గొడుగు, పూర్తి పారదర్శకమైనది ఎండకి ఆగదు. రాణిగంజ్‌లో బయటి కర్రకి వాడే వుడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. ఉత్త అవిసె నూనె వద్దు, వానాకాలంలో దానిమీద నల్ల బూజు పడుతుంది. ఏ నూనె వాడినా తుడిచిన గుడ్డలు ముద్దచేసి మూల పడేయకండి. అవిసె కలిసిన నూనె ఆరుతూ వేడెక్కుతుంది, ఆ గుడ్డల కుప్ప దానంతట అదే అంటుకోగలదు. తీగ మీద విడివిడిగా ఆరేయండి లేదా నీళ్ల బకెట్లో వేయండి.

ఎప్పుడు పూయాలి? ఉగాది తర్వాత, మృగశిర కార్తె రాకముందు. కర్ర బాగా పొడిగా ఉండే కాలం అది. పొద్దున్నే, నీడ ఉన్న వేళ. ముందు మెత్తటి బ్రష్, కొంచెం సబ్బు నీళ్లతో కడిగి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. కార్లు కడిగే ప్రెషర్ పైపు పెట్టొద్దు, మెత్తని పీచు లేచిపోతుంది. ఏటా ఒకసారి పూస్తే సరిపోతుంది, అడ్డకొసలకి రెండుసార్లు. పూయకుండా వదిలేస్తే? బూడిద రంగుకి తిరుగుతుంది. నాకు అదే ఇష్టం, కానీ డబ్బు పెట్టి చెక్కించుకున్నది మీరు.

దేవుడి బొమ్మలున్నవాళ్లకి ఒక్క మాట. అభిషేకాలు చెయ్యకండి. పూరీలో జగన్నాథుడిది వేప దారువే. రోజువారీ స్నానం అద్దంలోని ప్రతిబింబానికే చేస్తారు. నిజంగా 108 కుండల నీళ్లు పోసేది స్నాన పూర్ణిమ నాడే. ఆ తర్వాత స్వామికి జ్వరమని పదిహేను రోజులు తలుపులేసి, మళ్లీ రంగులు వేసి గానీ దర్శనం ఇవ్వరు. అంత చూసుకున్నా అధికాషాఢం వచ్చే ఏడు నవకళేబరం చేసి కొత్త దారువు తెస్తారు. 1996లో తెచ్చారు, మళ్లీ 2015లో తెచ్చారు. మీ తోటలో వినాయకుడికి పసుపు నీళ్లూ పాలూ పోసి ఇరవై ఏళ్లు ఉండమంటే ఎలా?

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మా అపార్ట్‌మెంట్‌లో వేళ్లతో ఉన్న ఎండు మాను మీదే చెక్కారండీ. దిమ్మ ఎలా కడతాం?)

కట్టలేరమ్మా. అదే దాని ఇబ్బంది. కింద వేళ్లు కుళ్లుతూ ఉంటాయి, చెద వేళ్ల వెంటే పైకి వస్తుంది, మీకు గొట్టం కూడా కనపడదు. ప్రస్తుతానికి మొదలు చుట్టూ మట్టి జానెడు లోతు తీసి కంకర వేయించండి, నీళ్లు అటు రాకుండా చూడండి, నేలకి చెద మందు వేయించండి. అలా కొన్నేళ్లు లాగొచ్చు. బొమ్మ మీద మమకారం ఉంటే మాత్రం అడుగు ఇంకా గట్టిగా ఉండగానే నేల దగ్గర కోయించి దిమ్మ మీదికి ఎక్కించండి. కోసేవాళ్లకి ముందే చెప్పండి, పాదాల కింద కనీసం నాలుగంగుళాలు ఎక్కువ వదలమని. అడుగు సమంగా చదును చెయ్యడానికీ, లోపల తొలవడానికీ అది కావాలి.